పాత రాజధానిలో క్రొత్త సైకిలు

జపాను దేశమునందు క్యోటో యను పురాతన నగరము కలదు. దానికి మూడు దిక్కుల కొండలు గోడవలె నిలిచియుండును. దక్షిణ మొక్కటియే తెరపి. నగరపు తూర్పుభాగమున కామో నది ఉత్తరమునుండి దక్షిణమునకు ప్రవహించుచుండును. క్రీ.శ. 794లో కమ్ము చక్రవర్తి ఇచ్చట తన రాజధానిని నెలకొల్పెను. ఆ కాలమున చీనాదేశపు రాజధానియైన చాంగాన్ నగరమును మాదిరిగా గైకొని, నిలువు వీథులును అడ్డవీథులును ఒకదాని నొకటి సూటిగా ఖండించునట్లు చదరంగపు పలకవలె నగరమును తీర్చిరి. పన్నెండువందల యేండ్లు గడచినను ఆ తీరు చాలవరకు చెరగలేదు. యుద్ధములు వచ్చెను; అగ్నిప్రమాదములు వచ్చెను; ఇండ్లు మాటిమాటికి బూడిద యయ్యెను. వీథులు మాత్రము తమ తావును విడువలేదు.

ఇట్టి నగరమును చూచుట యెట్లు? కాలినడకను పోదమన్న, చూడదగినవి ఒకదాని కొకటి ఎడముగా నున్నవి. బస్సులో పోదమన్న, లోకపు నలుమూలలనుండి వచ్చు యాత్రికులతో అవి క్రిక్కిరిసి, ఆసుపత్రికి పోవలసిన స్థానిక వృద్ధులకు నిలుచుటకైనను చోటు దొరకుట లేదని నగరవాసులు వాపోవుచున్నారు. కారులో పోదమన్న, కారు పట్టని సందులే అచ్చట మిక్కిలి అందమైనవి. ఇక మిగిలినది సైకిలు. నగరమధ్యము చదునైనదే గాని, తూర్పుకొండల చెంతకు పోవునప్పుడు నేల ఎత్తగుచుండును. అట్టిచోట వయసు మీరినవారి మోకాళ్లు మొరాయించును. ఈ చిక్కును తీర్చినది విద్యుత్ సైకిలు.

ఇది మోటారు సైకిలు కాదు. త్రొక్కనిదే కదలదు. 1993లో జపాను దేశపు యమహా సంస్థ ఇట్టి సైకిలును ప్రపంచములో మొట్టమొదట విపణికి తెచ్చెను. పెడళ్ల నడుమనున్న ఒక చిన్న పరికరము మనిషి త్రొక్కుడు బలము నెప్పటికప్పుడు కొలుచును. దానికి తగినట్లు మోటారు తన బలమును చేర్చును. ఆ దేశపు చట్టము ప్రకారము వేగము గంటకు 10 కిలోమీటర్ల లోపున నున్నప్పుడు మోటారు మనిషి బలమునకు రెండింతలవరకు తోడ్పడవచ్చును. వేగము పెరిగినకొలది ఆ తోడ్పాటు తగ్గుచు, 24 కిలోమీటర్లకడ పూర్తిగా నిలిచిపోవలెను. ఎత్తు ఎక్కుటకే తోడుగాని దూకుడుగా పరుగెత్తుటకు కాదన్నమాట. ఈ నియమమును చేసినవారు మనుష్యస్వభావ మెరిగినవారు.

ఒకానొక శరత్కాలపు సెలవుదినమున ఉదయము తొమ్మిది గంటలకు, కామోనదిపై సంజో వంతెన సమీపమున ఒక చిన్న సైకిళ్ల దుకాణము ముందు ఆరుగురు యాత్రికులు చేరిరి. వారిలో నూతన దంపతులు ఇరువురు. విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న స్నేహితురాండ్రు ఇరువురు. టోక్యోనుండి వచ్చిన డెబ్బదియేండ్ల ముసలమ్మ ఒకతె. పదునాలుగేండ్ల ఆమె మనుమడు. వారిని వెంట గొనిపోవు మార్గదర్శిని ఏబదియేండ్ల స్త్రీ. ఆమె ఆ నగరముననే పుట్టి పెరిగినది.

ముసలమ్మ క్యోటోను చూచుట ఇది రెండవసారి. 1969లో, మనుమని యీడున నున్నప్పుడు, ఆమె తన బడిపిల్లలతో కలిసి వచ్చెను. జపానులో పైతరగతుల విద్యార్థులను ఇట్టి యాత్రలకు గొనిపోవుట వాడుక. ఆ యాత్రలో చూచిన ఆలయములన్నియు ఆమె మనసులో ఒకదానితో నొకటి కలిసిపోయినవి. గంట మ్రోగించుకొనుచు వీథి నడుమ పోయిన ట్రాముబండి మాత్రము చక్కగా జ్ఞాపకమున్నది. మరల ఒకసారి రావలెనని ఎన్నియో యేండ్లు అనుకొనెను. పిల్లలు, సంసారము, పిదప మోకాళ్ల నొప్పి. ఈసారి మనుమడు తోడు వచ్చెను గాని, వానికి ఈ పాత ఊరిపై అంత ఆసక్తి లేదు. ఆలయములు చూచుట పెద్దవారి పని యని వాని అభిప్రాయము.

దుకాణము ముందు నిలిచిన సైకిలును చూచి ముసలమ్మ వెనుకాడెను. "పదియేండ్లనుండి సైకిలు తాకలేదమ్మా. నేను పడినచో మీయందరికి ఆటంకము" అనెను. మార్గదర్శిని అడ్డుకమ్మి క్రిందికి వంగియున్న సైకిలు నొకదానిని తెచ్చి, "ఒక్కసారి త్రొక్కి చూడుడు. నచ్చనిచో దిగుడు" అనెను. ముసలమ్మ భయముభయముగ కాలు మోపి త్రొక్కినది. సైకిలు ముందునకు జరుగగానే ఆమె దిగ్గున వెనుకకు తిరిగి చూచెను.

"వెనుక ఎవరును లేరు అమ్మమ్మా!" అని మనుమడు నవ్వెను.

"లేరని నాకు తెలియును. చిన్ననాడు మా నాయన నేర్పునప్పుడు ఇట్లే వీపున చేయి వేసి నెట్టెడివాడు" అని ఆమె బదులు చెప్పెను.

బయలుదేరకముందు మార్గదర్శిని నాలుగు మాటలు చెప్పెను. "ఎడమప్రక్కగా, ఒకరి వెనుక ఒకరు రండు. జనులు నడచుచోట దిగి నడిపించుకొని రండు. వారిని తొలగించుటకు గంట కొట్టకుడు. ఇండ్లలోనికి తొంగిచూడకుడు. ఈ ఊరు చూచుటకు కట్టినది కాదు, ఉండుటకు కట్టినది." ఈ హెచ్చరిక ఊరక చేసినది కాదు. గియోన్ అను పేటలో యాత్రికులు ఛాయాచిత్రములకై నర్తకీమణుల వెంటబడుట మితిమీరగా, అచ్చటివారు 2024లో తమ సొంత సందులలోనికి పరులు రాగూడదని పలకలు కట్టవలసి వచ్చెను. అతిథి యెట్లుండవలెనో చెప్పించుకొనవలసిన స్థితి అతిథికి గౌరవము కాదు.

వంతెన దాటి తూర్పుగా కొంతదూరము పోగా ఒకజాకి వచ్చిరి. అచ్చట ఎఱ్ఱని తోరణము, దాని వెనుక విశాలమైన హేయన్ మందిరము కలవు. వెయ్యేండ్లనాటి దని మనుమడు తలచెను. కాని ఆ మందిరము 1895లో, నగరస్థాపనకు పదునొకండువందల యేండ్లు నిండిన సందర్భమున కట్టినది. తొలినాటి రాజభవనమును కొంత చిన్నదిగా చేసి మరల రూపించిరి. ఆ మందిరపు తోటలో ఒక పాత ట్రాముబండిని నిలిపియుంచిరి. దానిని చూడగానే ముసలమ్మ సైకిలు యాత్రను మరచి, దాని చెంత చాలసేపు నిలిచిపోయెను.

మార్గదర్శిని ఆ బండి కథ చెప్పెను. జపానులో వీథులయందు విద్యుత్తుతో నడచిన మొట్టమొదటి ట్రాము క్యోటోలోనే, 1895 ఫిబ్రవరి 1వ తేదీన, నగరపు రైలుస్టేషను సమీపమునుండి ఫుషిమి వరకు నడచెను. గుఱ్ఱము లేక, మనిషి లాగక వీథులలో కదలు బండిని జనులు అంతకుముందెన్నడును చూచి యెరుగరు. అందుచేత జనసమ్మర్దము గల చోట్ల బండికి ముందు ఒక బాలుడు పరుగెత్తుచు, బండి వచ్చుచున్నది తొలగుడని కేకలు వేయవలెనని నియమము చేసిరి. చీకటి పడినచో చేత లాంతరు పట్టవలెను. ఆ పనికి కుదిరినవారు పండ్రెండు మొదలు పదునైదేండ్ల లోపు పిల్లలు. పరుగెత్తి పరుగెత్తి అలసి, తామే బండిక్రింద పడి గాయపడినవారును వారిలో గలరు.

"వారికి బడి లేదా?" అని మనుమడు అడిగెను. ఆ ఉదయము వాడడిగిన మొదటి ప్రశ్న అదియే.

"బడి మాట నాకు తెలియదు నాయనా. కూలి మాత్రముండెను" అని మార్గదర్శిని చెప్పెను.

అచ్చటినుండి కెయాగె వరకు దారి ఎత్తు. మోటారు సన్నని జుమ్మను ధ్వనితో పని చేయుచుండ, ముసలమ్మ రొప్పకుండ ఎక్కెను. బ్యాటరీని పొదుపు చేయదలచి మోటారును ఆపుకొన్న మనుమడు మాత్రము చెమటలు గ్రక్కుచు వెనుకబడెను. కొండ యంచున దిగి నిలువగా, క్రిందికి వాలుగా దిగిపోవు వెడల్పైన రైలుపట్టాలు కనబడెను. ఆ పట్టాలపై రైలు నడువలేదు, పడవలు నడచినవి. ఈ వింతను గూర్చి కొంత వివరముగ చెప్పవలసియున్నది. ఏలయన క్యోటో నేడు క్యోటోగా నిలిచియుండుటకు ఈ చోటు ఒక ముఖ్యకారణము.

1864లో నగరమున జరిగిన పోరువలన పుట్టిన మంటలలో వేలకొలది ఇండ్లు కాలిపోయెను. ఆ గాయము మానకమునుపే, 1869లో చక్రవర్తి టోక్యోకు తరలెను. ఆయనతో ప్రభువులు, ఉద్యోగులు, వారి నాశ్రయించి బ్రతికిన వర్తకులు తరలిపోయిరి. జనసంఖ్య క్షీణించెను. నేతగాండ్రకు పని తగ్గెను. వెయ్యేండ్లు రాజులను నమ్ముకొని బ్రతికిన ఊరికి రాజు లేకపోయెను. అట్టి వేళ, 1881లో కితగాకి కునిమిచి యను నతడు ఆ మండలమునకు పాలకుడుగా వచ్చెను. తూర్పుకొండల కావల బివా యను సరస్సు కలదు. జపానులో అంత పెద్ద సరస్సు మరియొకటి లేదు. కొండలను తొలిచి ఆ నీటిని నగరమునకు తెచ్చినచో పడవలు నడచును, యంత్రచక్రములు తిరుగును, పొలములు పండును అని ఆయన యోచన.

ఆ పనిని ఎవరికి అప్పగించె ననుకొన్నారు? తనాబె సకురో యను ఇరువదియొక్క యేండ్ల యువకునకు. అతడు టోక్యోలో ఇంజనీరింగు చదివి, పట్టము కొరకు ఈ కాలువను గూర్చియే వ్యాసము వ్రాసెను. ఆ దినములలో కుడిచేతికి గాయమై వ్రాయలేకపోగా, పటములను ఎడమచేతితో గీసి ముగించెనని చెప్పుదురు. అంతవరకు జపానులో పెద్ద కట్టడములలో చాలవానికి పాశ్చాత్య ఇంజనీర్లే దిక్కు. ఈ కాలువను మాత్రము ఆ దేశస్థులే తలపెట్టి, వారే ముగించిరి. 1885లో పని మొదలయ్యెను. మొదటి సొరంగము పొడవు 2,436 మీటర్లు. నాటి జపానులో అంత పొడవైన సొరంగము లేదు. దానిని రెండు కొనలనుండియే గాక, కొండ పైనుండి నూయివలె నిలువుగా దిగి, నడుమనుండి కూడ త్రవ్విరి. ఖర్చుకై తమపై పన్ను వేయగా పురజనులు పాలకుని తిట్టిరి. 1890లో నీరు నగరమును చేరెను.

పడవలు కెయాగె చేరునప్పటికి నేల ఒక్కమారుగ 36 మీటర్లు పడిపోవును. అందుచేత 582 మీటర్ల వాలుదారి వేసి, పట్టాలపై చక్రముల బండ్ల నుంచి, సరుకులతోను మనుష్యులతోను ఉన్న పడవలను ఆ బండ్లపై కెత్తి, ఇనుపత్రాటితో పైకి క్రిందికి నడిపిరి. 1948 వరకు ఈ దారి పనిచేసెను.

మొదట తలచినది నీటిచక్రములను త్రిప్పుట మాత్రమే. పని జరుగుచుండగా, 1888లో తనాబె అమెరికాకు పోయి, కొలరాడో కొండలలోని ఆస్పెన్ అను ఊర నీటి బలముతో విద్యుత్తును పుట్టించుట చూచెను. తిరిగివచ్చి, సగము నడచిన పథకమును మార్చెను. వ్రాసి ముగించిన లెక్కను కొట్టివేసి మరల చేయుటకు ఎంత గుండె కావలెనో విద్యార్థులకు వేరుగ చెప్పనక్కరలేదు. 1891లో కెయాగె విద్యుత్కేంద్రము పనిచేయ నారంభించెను. పడవల వాలుదారిని, నేత మగ్గములను, 1895లో ట్రామును నడిపినది ఆ విద్యుత్తే. ఆ కేంద్రము నేటికిని విద్యుత్తు నిచ్చుచున్నది.

వాలుదారికి పైన, చెట్ల నీడలో, తనాబె కంచువిగ్రహముండు చోట ఒక రాతి స్తంభము కలదు. కాలువ పనిలో ప్రాణములు గోల్పోయిన పదునేడుగురి జ్ఞాపకార్థము అతడు తన సొంత సొమ్ముతో 1902లో దానిని నిలిపెను. యాత్రికులలో చాలమంది పట్టాలపై నిలిచి ఫోటోలు తీసికొని మరలిపోవుదురు. ముసలమ్మ ఆ రాతికడకు పోయి, చేతులు జోడించి, తల వంచెను. మనుమడు శిరస్త్రాణము తీసి చేత పట్టుకొని ఆమె ప్రక్కన నిలిచెను.

కెయాగెనుండి నాన్‌జెన్‌జీ ఆలయము కూతవేటు దూరము. 1291లో వెలసిన ఈ ఆలయము జెన్ శాఖకు చెందినది. 'జెన్' అను మాట మనకు పరాయిది కాదు. సంస్కృతమున 'ధ్యాన'మే పాళీలో 'ఝాన'యై, బౌద్ధభిక్షువులతో చీనాకు పోయి 'చాన్' అయి, సముద్రము దాటి 'జెన్' అయినది. సైకిళ్లను వెలుపల నిలిపి లోనికి పోగా, ముదురు చెట్ల నడుమ, నల్లబడిన కొయ్య మండపముల ప్రక్కనే, ఎఱ్ఱని ఇటుకల కమానులు వరుసదీరి నిలిచియుండును. అది 1888లో కాలువ శాఖను ఆలయభూమి మీదుగా దాటించుటకు కట్టిన వంతెన. పొడవు 93 మీటర్లు. పైన నేటికిని నీరు పారుచునే యున్నది.

"ఆలయములో దీనిని కట్టనిచ్చిరా?" అని స్నేహితురాండ్రలో ఒకతె యడిగెను.

"కట్టిన నాడు ఇది ఊరికే తలవంపని చాలమంది అనిరి. ఇప్పుడు దీని ముందు పెండ్లి ఫోటోలు తీయించుకొందురు" అని మార్గదర్శిని నవ్వెను. నూరేండ్లు నీటిచెమ్మ తగిలి, పాచిపట్టి, ఆ ఇటుకలు కొయ్యమండపమునకు చుట్టములైనవి. క్రొత్తవన్నియు ఇట్లే కలిసిపోవునని కాదు. దీనిని కట్టినవారు ఆలయపు చోటును గమనించి, కమానుల ఎత్తును, వంపును శ్రద్ధతో తీర్చిరి. అదియు మరువరాదు.

ఆ నీటి వెంటనే వారును ఉత్తరముగ పోయిరి. క్యోటోలోని నదులన్నియు దక్షిణమునకు పారగా ఈ కాలువ శాఖ ఒక్కటి ఉత్తరమునకు పారును. దాని గట్టుననున్న కాలిబాటకు 'తత్త్వవేత్త బాట' యని పేరు. క్యోటో విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము బోధించిన నిషిద కితారో ఆ గట్టున ఆలోచించుచు నడచెడివాడట. అచ్చటి చెర్రీచెట్లను నాటించుటకు చిత్రకారుడు హషిమొతొ కన్‌సెత్సు దంపతులు మూలము. నడచువారి సందడి యుండుటచే మార్గదర్శిని అందరిని దింపి, సైకిళ్లను నడిపించెను. బరువైన సైకిలును తోయుట ముసలమ్మకు కష్టమని మనుమడు తన సైకిలుతో పాటు ఆమె సైకిలును గూడ కొంతదూరము తోసి, రెండుచేతులు చాలక, తుదకు నూతన దంపతుల సాయము కోరెను.

బాట చివర గింకకుజీ, అనగా రజతమండపము. పేరేగాని దానికి వెండిరేకు లేదు. ఓనిన్ యుద్ధము 1467 మొదలు 1477 వరకు సాగి రాజధానిని తగులబెట్టినప్పుడు పాలించిన అషికాగ యొషిమస ఈ విహారమును 1482లో మొదలిడెను. ఊరు కాలుచుండ చక్కదిద్దలేనివాడు తోటలను మాత్రము చక్కగా తీర్చెను. చరిత్ర ఆ తోటకు మురియుచునే అతనిని క్షమింపలేదు.

అచ్చటినుండి పడమటికి పల్లము. త్రొక్కనక్కరలేకయే సైకిళ్లు జారిపోయెను. వీథి చివర నెటు చూచినను కొండలు కనబడుచుండుటకు కారణము కలదు. 2007లో నగరపాలకులు నగరమధ్యమున కట్టడముల ఎత్తును 31 మీటర్లకు తగ్గించిరి. మిద్దెలపై ప్రకటనపలకలను, మిణుకుమిణుకుమను దీపపు ప్రకటనలను నిషేధించిరి. భూమి ధర తగ్గునని కొందరు వ్యతిరేకించిరి. అయినను నియమము నిలిచెను.

కామో నదియు తకనో నదియు కలియు సంగమముకడ వారు ఫలహారము చేసిరి. ఆ నీటిలో తాబేళ్ల ఆకారముతో చెక్కిన దాటురాళ్లు వరుసగా నున్నవి. మనుమడు వానిపై గంతులు వేయుచు ఆవలి గట్టునకు పోయి వచ్చి, మార్గదర్శినిని అడిగెను: "యుద్ధములో టోక్యో అంతయు కాలినదని మా పాఠములో నున్నది. ఈ ఊరేల కాలలేదు?"

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప ఇట్లు చెప్పెను. క్యోటోపై బాంబులు అసలే పడలేదనుట సరికాదు; 1945లో రెండు పేటలలో పడి, జనులు చనిపోయిరి. అణుబాంబు వేయదలచిన నగరముల పట్టికలో క్యోటో పేరు పై వరుసలో నుండెను. అమెరికా యుద్ధమంత్రి హెన్రీ స్టిమ్‌సన్ ఆ పేరును పట్టుబట్టి తీయించెను. అతడు 1926లో ఈ నగరమును చూచియుండెను. జూలై నెలాఖరున ఆ పట్టికలో క్రొత్తగా చేరిన పేరు నాగసాకి.

"నాగసాకివారు మా ఊరికి చూడవచ్చినప్పుడు, అదృష్టవంతుల ఊరని ఎవరైన అన్నచో నాకు తల ఎత్తబుద్ధి పుట్టదు" అని ఆమె ముగించెను. ఎవరును బదులు చెప్పలేదు. తెల్లని కొంగ యొకటి నీటిలో ఒంటికాలిపై నిలిచి యుండెను.

సంగమమునుండి రాజోద్యానము దగ్గర. చక్రవర్తి తరలిన పిదప, ఆయన భవనము చుట్టునున్న ప్రభువుల ఇండ్లు పాడుపడగా తొలగించి, ఆ చోటును ఉద్యానముగ మార్చిరి. లోపలి బాటలు మిక్కిలి వెడల్పు, అంతటను గులకరాళ్లు. వానిలో సైకిలు చక్రము దిగబడును. అయినను ఆ విశాలమైన గులకనేలపై ఒక్క జానెడు వెడల్పున నున్నని గీత యొకటి సాగిపోవుచుండును. దానిని ఎవరును వేయలేదు. పనులకు పోవువారు, బడిపిల్లలు, కూరలు కొనబోవు గృహిణులు ఒకరి చక్రపుజాడలో మరియొకరు పోగా పోగా రాళ్లు తొలగి ఏర్పడినది. ఆ గీత తప్పినచో సైకిలు తూలును. ఎదురుగా మరియొకరు వచ్చినచో ఇరువురిలో నొకరు గులకలోనికి దిగవలెను.

ముసలమ్మ ముందు పోవుచుండెను. ఎదురుగా ఒక గృహిణి వెనుకపీటపై పసిబిడ్డతో వచ్చుచుండెను. ముసలమ్మ దిగబోయెను, అంతకుముందే ఆ తల్లి గులకలోనికి మరలి, కాలూని నిలిచి, తల వంచి నమస్కరించెను. ముసలమ్మ కూడ తల వంచబోయి, తూలి, తమాయించుకొనెను. బిడ్డ కిలకిల నవ్వెను. మరికొంత దూరమున ఒక వృద్ధుడు ఎదురుకాగా, మనుమడు ఎవరును చెప్పకుండగనే దిగి నిలిచెను.

చివరకు నిషిజిన్ పేటకు వచ్చిరి. ఓనిన్ యుద్ధమున పడమటిసేన విడిసిన చోటగుటచే దానికి 'పడమటి శిబిర' మను పేరు వచ్చెను. యుద్ధము ముగియగా నేతగాండ్రు అచ్చట చేరి పట్టు నేసిరి. రాజు పోయిన పిదప, 1872లో ఈ పేటనుండి కొందరిని ఫ్రాన్సు దేశపు లియోన్ నగరమునకు పంపి, జకార్డు మగ్గములను తెప్పించిరి. సందులలోని ఇండ్లు ముందు ఇరుకు, లోపల పొడవు. వానిని 'మచియా' లందురు. వీథిప్రక్కన కొయ్య కటకటాలు, లోపల అంగడియో మగ్గమో, నడుమ గాలికి వెలుతురుకు చిన్న తోట. 2016 నాటి లెక్కలో క్యోటోలో ఇట్టి ఇండ్లు సుమారు 40,000 మిగిలెను. అంతకుముందు ఏడేండ్లలో ఏటికి సుమారు 800 చొప్పున నశించెను. పడగొట్టిన ఇంటిని నేటి చట్టముల ననుసరించి పూర్వపు పద్ధతిలోనే మరల కట్టుట మిక్కిలి కష్టము.

ఒక సందులో మార్గదర్శిని సైకిలు దిగెను. అచ్చట చూచుటకేమియు లేదు. రెండు ఇండ్ల నడుమ తారు వేసిన ఖాళీచోటు. డబ్బు వేసి కార్లు నిలుపుకొను స్థలము. నేలపై తెల్లని గీతలు, అంకెలు.

"ఇది మా యిల్లు" అని ఆమె చెప్పెను. "మా తాత, మా నాయన ఇచ్చటనే నేసిరి. నాయన పోయిన పిదప వారసత్వపు పన్ను కట్టలేక మేము అమ్మితిమి. ఆరు కార్లు పట్టును. మా అమ్మ మగ్గముండినది ఆ మూడవ అంకెకడ."

"ఏమియు లేని చోటును మాకు చూపనేల?" అని మనుమడు అడిగెను. ముసలమ్మ వాని భుజమును తట్టి వారించబోయెను.

"అడుగనిండు" అనెను మార్గదర్శిని. "నిలిచినవి మాత్రమే చూపి పంపినచో మీకు ఊరు చూపినట్లు కాదు నాయనా."

ఆ మాటల నడుమ ప్రక్కసందునుండి టకటక టకటక మని శబ్దము వినవచ్చెను. ఒక ఇంటిలో ఇంకను మగ్గము ఆడుచుండెను. మనుమడు కటకటాలకు దూరముగనే నిలిచి చెవియొగ్గి, "చేతితోనా?" అని అడిగెను. "కాదు, కరెంటుతో" అని ఆమె చెప్పెను. వాడు తన సైకిలువంక ఒకసారి చూచి, మరల ఆ శబ్దమునే వినుచు నిలిచెను. ఆ మగ్గపువారికి వయసు మీరినదనియు, కుమారుడు వేరే ఉద్యోగమున నున్నాడనియు ఆమె చెప్పెను. అంతకు మించి యేమియు అనలేదు.

ప్రొద్దు క్రుంకువేళ వారు దక్షిణముగ పోయి దుకాణమును చేరిరి. ఆ దినమున త్రొక్కినది పదునైదు కిలోమీటర్లకు లోపే. ముసలమ్మ దిగి, సైకిలు కమ్మిపై చేయి యుంచి, ఏమో జ్ఞాపకము వచ్చినట్లు వెనుకకు తిరిగి చూచెను. మనుమడు ఈసారి నవ్వలేదు. ఆమె సైకిలును తానే షెడ్డులోనికి తోసికొని పోయి, మోటారు ఆపియుండుటచే దాని బరువునకు మూలుగుచు, గోడప్రక్కన నిలిపెను. మార్గదర్శిని ఒక్కొక్క బ్యాటరీని ఊడదీసి వరుసగా చార్జరులపై నుంచెను. వాడును ఆమెకు అందించుచుండెను. ఒకటి తరువాత ఒకటి చిన్న దీపములు వెలిగెను. "ఈ కరెంటు కెయాగెనుండి వచ్చునా?" అని వాడు అడిగెను. "అన్ని తీగలును కలిసిపోయినవి నాయనా, ఏ నీరు ఎచ్చటిదో ఎవరు చెప్పగలరు?" అని ఆమె తలుపు వేసికొనెను. బయట ముసలమ్మ వంతెన పిట్టగోడ నానుకొని, 1969లో ట్రాము ఏ వీథిని పోయినదో గుర్తుపట్టుటకు వీథుల పేర్లను వ్రేళ్లపై లెక్కించుకొనుచుండెను.